ఒక కళాశాల, మూడు మతాలు

'మతం' అన్న మాట వినగానే నేటి తెలుగువారికి గుడో మసీదో చర్చో గుర్తుకు వస్తుంది గాని, ఆ మాట పుట్టుకలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆలోచించడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి 'మతి' ఎలా వచ్చిందో 'మతం' కూడా అలాగే వచ్చింది కనుక, ఒకరు ఆలోచించి తేల్చుకున్నదే ఆ ఒకరి మతం. సమ్మతం, అభిమతం, భిన్నమతం అన్న మాటల్లో ఈ పాత అర్థం ఇంకా బతికే ఉంది. శాస్త్రగ్రంథాల వ్యాఖ్యాతలు ఇది ఫలానా ఆచార్యుని మతం అని రాసినప్పుడు ఆయన కులాచారాన్ని గాక ఆయన అభిప్రాయాన్నే ఉద్దేశించారు. ఇప్పుడైతే బిడ్డను బడిలో వేసేనాడు తండ్రి చెప్పగా రిజిస్టరులో గుమాస్తా నింపే గడికి మతం అని పేరు. ఐదేళ్ల బిడ్డ ఆలోచించి తేల్చుకున్నది ఏమీ ఉండదు కనుక, ఆ గడిలో పడేది మాట అర్థాన్ని బట్టి చూస్తే తండ్రి మతం, బహుశా తాత మతం.

'నాస్తికుడు' అన్న మాటకూ ఇలాంటి చరిత్రే ఉంది. అస్తి అంటే ఉన్నది, నాస్తి అంటే లేదు. ఆస్తిపాస్తులు అనే తెలుగు మాటలోని ఆస్తి ఆ కుదురుకు చెందినదే. ఆస్తిక, నాస్తిక పదాలు ఎలా ఏర్పడతాయో పాణిని ఒక సూత్రంలో చెప్పాడు. ఉన్నదని మతి గలవాడు, లేదని మతి గలవాడు అని వాటి అర్థం. ఏది ఉన్నదని అన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు ఇచ్చిన జవాబు దేవుడు కాదు, పరలోకం. తరువాత మనుస్మృతి నాటికి వేదాన్ని నిందించేవాడు నాస్తికుడయ్యాడు. ఈ లెక్కలో జగత్తుకు కర్త ఉన్నాడని ఒప్పుకోని మీమాంసకులు, ఈశ్వరుని ప్రసక్తి లేకుండానే సృష్టిక్రమాన్ని వివరించిన సాంఖ్యులు వేదాన్ని కాదనలేదు కనుక ఆస్తికులుగానే మిగిలారు. అహింసా సత్యాలను ప్రాణంగా చూసుకున్న జైన బౌద్ధులు నాస్తికుల పద్దులో పడ్డారు. దేవుడు లేడన్నవాడే నాస్తికుడన్న అర్థం స్థిరపడింది ఆ తరువాతి కాలంలోనే.

వ్యక్తిగతమైన మతం అన్న భావన మాత్రం తెలుగింటికి బయటి నుంచి వచ్చింది కాదు. ఒకే ఇంట్లో ముగ్గురు దేవుళ్లు ఉంటారని భాషే చెబుతుంది. తరతరాలుగా ఇంటిని కనిపెట్టుకుని ఉండేది ఇలవేల్పు, పొలిమేరలో ఊరంతటినీ కాచేది గ్రామదేవత, ఇక ఒక మనిషి తన మనసుకు నచ్చి పట్టుకునేది ఇష్టదైవం. మొదటి రెండూ పుట్టుకతోనూ ఊరితోనూ సంక్రమించేవి కాగా, మూడోది ఒక్కటే ఎంపిక. నరసింహస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు హనుమంతుణ్ణి కొలుచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అయితే ఈ ఎంపికకు ఒక హద్దు ఉంది. ఏ దేవుడినైనా ఎంచుకోవచ్చు గాని, ఏ దేవుడూ వద్దని ఎంచుకోవడానికి ఆ మాటలో చోటు లేదు. ఆ హద్దు దగ్గరికి వెళ్లినవారు, దాటినవారు, దాటి వెనక్కి వచ్చినవారు ఇరవయ్యో శతాబ్దపు తెలుగుదేశంలో ఉన్నారు. వారిలో ముగ్గురికి కాకినాడలోని ఒకే కళాశాలతో సంబంధం ఉండటం చిత్రమైన సంగతి.

అది పిఠాపురం రాజా కళాశాల. దానికి 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజీయుడు. 1828లో రామమోహన రాయ్ కలకత్తాలో ఆరంభించిన బ్రహ్మసమాజం, రూపం లేని ఒకే దేవుడిని ప్రార్థించాలని, విగ్రహాలూ పురోహితులూ అక్కరలేదని చెప్పిన ఉద్యమం. ఊళ్లోవారి దృష్టిలో అలాంటివాడు సగం నాస్తికుడు, ఎందుకంటే ఆయన గుడికి వెళ్లడు, కులం పాటించడు, భోగం మేళాలను శుభకార్యాలకు పిలవవద్దని ఊరూరా ఉపన్యాసాలిస్తాడు. ఆయన మాత్రం తన దేవుడి ఎదుట తాను జవాబుదారీ అన్న నమ్మకంతోనే అస్పృశ్యులన్న పేరుతో దూరం పెట్టిన కులాల పిల్లలకూ ఆడపిల్లలకూ కళాశాల తలుపులు తెరిచారు, అనాథలను చేరదీశారు, తరువాత మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. దేవుడిని నమ్మడం వల్ల ఆచారాన్ని వదులుకున్న మనిషి ఆయన. భక్తి అంటే ఆచారమేనని అనుకునే సమాజానికి ఇది ఒక పట్టాన అంతుచిక్కలేదు.

ఆ ప్రభావంలోకి వచ్చిన కుర్రవాళ్లలో గుడిపాటి వెంకటచలం ఒకరు. తెలుగు పాఠకులు చలంగా ఎరిగిన ఆ రచయిత చదువుకునే రోజుల్లో బ్రహ్మసమాజం వైపు తిరిగి, ఆపైన ఆ సమాజపు నీతినియమాలు కూడా ఇరుకనిపించి, సంఘం మీదా వివాహవ్యవస్థ మీదా అలుపెరగని తిరుగుబాటు చేసి, చివరికి 1950లో అరుణాచలం చేరి రమణ మహర్షి ఆశ్రమం చెంత స్థిరపడి, 1979లో అక్కడే కన్నుమూశారు. దాదాపు ముప్ఫై ఏళ్ల ఆ అరుణాచల జీవితాన్ని హేతువాదులు ఓటమిగా చెప్పుకున్నారు, భక్తులు పశ్చాత్తాపంగా చెప్పుకున్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. పుట్టుకతో వచ్చిన ఏ దేవుడి దగ్గరికీ చలం తిరిగి వెళ్లలేదు. ఇంటిపేరుతో, గోత్రంతో, పురోహితుడితో పనిలేని ఒక సాన్నిధ్యాన్ని తన దారిన తాను వెతుక్కున్నారు. ఆయన మార్పును ఒప్పుకోకపోయినా, అది ఎవరో చెప్పి చేయించినది కాదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

మూడో మనిషి గోరా. గోపరాజు రామచంద్రరావు అన్న పేరును కుదించి ఆయన వాడుకున్న పేరది. 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, కొలంబోలోనూ ఇతర చోట్లా పనిచేసి, కాకినాడ కళాశాలలో అధ్యాపకుడయ్యారు. జంధ్యం వద్దన్నందుకు తండ్రి ఇంటి నుంచి వెలుపలికి రావలసి వచ్చింది. దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు 1933లో ఉద్యోగం పోయింది. ఒకనాడు విగ్రహం లేని దేవుడిని కొలిచిన ప్రిన్సిపాలును నెత్తిన పెట్టుకున్న కళాశాలే, దేవుడే లేడన్న అధ్యాపకుణ్ణి భరించలేకపోయింది. మచిలీపట్నంలో దొరికిన కళాశాల ఉద్యోగానికీ అదే గతి పట్టగా, ఆయన మరో ఉద్యోగం వెతుక్కోకుండా 1940 ఆగస్టులో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది.

గోరా చెప్పిన నాస్తికత్వంలో దేవుడు లేడన్న వాక్యం నిజానికి రెండో వాక్యం. మనిషి స్వతంత్రుడన్నది మొదటిది. తన బతుకుకు కారణం తన వెలుపల ఉన్న ఒక శక్తి అనుకుని దానికి లొంగి ఉండే మనస్తత్వమంతటినీ ఆయన ఆస్తికత్వమన్నారు, ఆ శక్తిని దేవుడన్నా విధి అన్నా కర్మ అన్నా. తన పనులకు తానే బాధ్యుడినని నిలబడటాన్ని నాస్తికత్వమన్నారు. ఈ నిర్వచనం మరీ వెడల్పైనదన్న ఆక్షేపణకు అవకాశం ఉంది, ఎందుకంటే దీని ప్రకారం వెంకటరత్నం నాయుడు వంటి భక్తుడు ఆచరణలో నాస్తికుడవుతాడు, దేవుడు లేడంటూనే నుదుటిరాత అని నిట్టూర్చేవాడు ఆస్తికుడవుతాడు. అయితే ఒక వ్యక్తికి నాస్తికత్వం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు తెలుగులో మరొకరు ఇవ్వలేదు.

ఆ జవాబు ఉపన్యాసంలో కంటే ఇంట్లో ఎక్కువగా పరీక్షకు నిలిచింది. గ్రహణం పట్టే వేళకు తెలుగిళ్లలో ఊరగాయ జాడీల మీదా నీళ్ల బిందెల మీదా దర్భలు వేస్తారు, పొయ్యి ఆర్పేస్తారు, కడుపుతో ఉన్న ఆడమనిషిని కదలకుండా గదిలో పడుకోబెడతారు. ఆ సమయంలో ఆమె కత్తిపీట ముట్టుకున్నా గోరు గిల్లుకున్నా బిడ్డకు పెదవి చీలి పుడుతుందని నమ్మకం, ఆ చీలికకు గ్రహణమొర్రి అన్న పేరే ఈ నమ్మకానికి సాక్ష్యం. గోరా భార్య సరస్వతి గర్భవతిగా ఉండగా గ్రహణమప్పుడు వెలుపలికి వచ్చి, చేయకూడదన్న పనులు చేశారు. పందెం కాసింది ఆమె కడుపులోని బిడ్డ మీద. నమ్మకం తప్పని తెలిసి ఉండటం వేరు, తెలిసిన దాని మీద అంత బరువు వేసి నిలబడటం వేరు.

పదేళ్ల వయసులో పెళ్లయి వచ్చిన సరస్వతి భర్త చెప్పాడు గనుక నాస్తికురాలయ్యారా, తనంతట తానయ్యారా అన్న సందేహం న్యాయమైనదే. భర్త దేవుణ్ణి తన దేవుడిగా చేసుకున్న కోట్లాది ఇల్లాళ్లకూ, భర్త నాస్తికత్వాన్ని తనదిగా చేసుకున్న ఇల్లాలికీ మొదట్లో తేడా ఏముంటుంది? తేడా తరువాతి ఏళ్లలో తెలిసింది. 1942 ఉద్యమంలో ఆమె పసివాడైన కొడుకుతో సహా జైలుకు వెళ్లారు. గోరా 1975లో మరణించాక మరో మూడు దశాబ్దాలు, 2006లో తాను పోయేవరకు, కేంద్రానికి పెద్దదిక్కుగా నిలిచారు. అరువు తెచ్చుకున్న నమ్మకం అంతకాలం నిలవదు.

గోరా జీవితంలో ఎక్కువ ఆలోచింపజేసే ఘట్టం గాంధీతో ఆయనకున్న సంబంధం. నాస్తికులంటే గాంధీకి పడకపోవడానికి ఒక పాత జ్ఞాపకం కూడా కారణం. దేవుని పేర ప్రమాణం చేయనన్నందుకు ఇంగ్లండు పార్లమెంటులో ఏళ్ల తరబడి స్థానం దక్కక పోరాడిన చార్లెస్ బ్రాడ్లా 1891 జనవరి 30న మరణించినప్పుడు, లండనులో బారిష్టరు చదువుతున్న గాంధీ అంత్యక్రియలకు వెళ్లారు. తిరుగుప్రయాణంలో రైలు కోసం ఆగినచోట ఒక నాస్తికుడు ఒక క్రైస్తవ గురువును పట్టుకుని, భూమి చుట్టుకొలత చెప్పగలరు గదా, మీ దేవుడి కొలతెంత, ఆయన ఉండేదెక్కడ అని గట్టిగా ఎగతాళి చేయగా, ఆ గురువు మన ఇద్దరి హృదయాల్లోనూ అని మెల్లగా జవాబిచ్చి ఊరుకున్నారట. ఆ మాటలు విన్నాక నాస్తికత్వం మీద తన వైముఖ్యం మరింత పెరిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. వాదనలో నెగ్గిందెవరైనా, కుర్రవాడైన గాంధీ చూసినది ఇద్దరి మర్యాదలో ఉన్న తేడాను.

దేవుడంటే మీ ఉద్దేశంలో ఏమిటని 1930లో గోరా రాసిన ఉత్తరానికి, దేవుడు మానవబుద్ధికి అందనివాడని గాంధీ జవాబిచ్చారు. 1941లో మాట్లాడటానికి సమయం కోరితే, నాస్తికత్వమంటే తన్ను తాను కాదనుకోవడమేనని, పల్లెలో మీరు చేస్తున్న సేవ వల్లనే గాని నాస్తికత్వం వల్ల మీకు ఆదరణ రాలేదని, తనకు తీరిక లేదని రాశారు. చివరికి 1944లో సేవాగ్రాములో ఇద్దరూ కలుసుకున్నారు. గోరా అక్కడ చెప్పిన ఉదాహరణల్లో బెంగాలు కరువు ఒకటి. 1943లో కలకత్తా వీధుల్లో ఆకలిగొన్నవారు తినుబండారాల దుకాణాల ఎదుటే కుప్పకూలి చనిపోయారు. అద్దం అవతల మిఠాయి ఉంది, ఇవతల ప్రాణం పోతోంది. ఇది తన రాత అని పోయేవాడు అనుకున్నాడు, అది వాడి రాత అని ఉన్నవాడు అనుకున్నాడు. ఆ రెండు చేతులనూ కట్టేసింది ఒకే నమ్మకమని గోరా వాదం. గాంధీ దాన్ని తోసిపుచ్చలేదు. తన ఆస్తికత్వం సరైనదని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతికేవారేనని ఆయన అన్నట్టు గోరా 1951లో వెలువడిన తన ఇంగ్లీషు పుస్తకంలో రాశారు.

ఈ మాట గాంధీ నోట మొహమాటానికి వచ్చినది కాదు. దేవుడే సత్యమని మొదట చెబుతూ వచ్చిన ఆయన 1931 నాటికి ఆ వాక్యాన్ని తిరగేసి, సత్యమే దేవుడని అనసాగారు. దేవుణ్ణి కాదనేవారు ఉన్నారు గాని సత్యాన్ని కాదనేవారు లేరని అందుకు కారణం చెప్పారు. వ్యాకరణం దృష్టిలో కర్త ఎక్కడుంటేనేం అనిపించవచ్చు గాని, ఈ తిరగేతతో నాస్తికుడికి కూడా ఆ ఇంట్లో పీట దొరికింది. గోరా తన పెద్ద కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇవ్వదలచినప్పుడు, పెళ్లి తన చేతుల మీదుగా సేవాగ్రాములో చేస్తానని, దేవుని పేరుకు బదులు సత్యం పేర ప్రమాణం చేయిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. ఆ లోపు 1948 జనవరి 30 వచ్చింది, బ్రాడ్లా పోయిన తేదీయే. పెళ్లి మార్చి 13న, అనుకున్న సేవాగ్రాములోనే, అనుకున్న పద్ధతిలోనే జరిగింది.

గోరా పెద్ద కొడుకు ఉప్పు సత్యాగ్రహపు ఏడాది పుట్టాడు కనుక లవణం అని పేరు పెట్టారు. భూదాన యాత్రలో పరమభక్తుడైన వినోబా భావే తెలుగునాట నడిచినప్పుడు ఆయన ప్రసంగాలను సభల్లో తెలుగు చేసింది ఈ నాస్తికుడే. వినోబా భగవంతుడన్నచోట అనువాదకుడు భగవంతుడనే అనాలి. అది తన నమ్మకం కాకపోయినా ఎదుటివాని నమ్మకాన్ని వంకర పోనివ్వకుండా జనానికి అందించాలి. మతసహనం అన్న పెద్దమాటకు ఇంతకన్నా నిక్కమైన పని దొరకడం కష్టం.

ఇవి పేరున్నవారి సంగతులు. పేరు లేని నాస్తికుడికి పరీక్ష సభలో గాక తద్దినం రోజున ఎదురవుతుంది. తండ్రి పోయాడు, పెద్దకొడుకుకు పితృలోకం మీద నమ్మకం లేదు, కాకి ముట్టిన పిండం తండ్రికి చేరుతుందని ఒప్పుకోడు. తల్లికి మాత్రం ఆ నమ్మకం ఉంది. కొడుకు తర్పణం వదలకపోతే భర్త ఆకలితో ఉంటాడని ఆమె అన్నం మానేస్తుంది. ఆనాడు కొడుకు పంచె కట్టుకుని దర్భ ఉంగరం పెట్టుకుని పీట మీద కూర్చుంటే మిత్రులు పిరికితనమంటారు, కూర్చోకపోతే బంధువులు కర్కశమంటారు. గోరా అయితే కూర్చోరు, సందేహం లేదు. కాని తల్లి కంచంలో అన్నం పడటానికి గంటసేపు అపసవ్యంగా జంధ్యం వేసుకున్నవాణ్ణి అబద్ధీకుడనడానికి నోరు రాదు, ఎందుకంటే అతడు లేని దేవుడికి కాదు, ఉన్న తల్లికి లొంగాడు. అదే మనిషి బంధువుల మాటకు జడిసి కూర్చుంటే సంగతి వేరు. బయటికి కనిపించే పని రెండు సందర్భాల్లోనూ ఒకటే, లోపల ఉన్నది ఒకటి కాదు. మతం వ్యక్తిగతమంటే అర్థం ఇదే కాబోలు. కాలికి రాయి తగిలినప్పుడు నాస్తికుడి నోటి నుంచి కూడా 'అయ్యో రామా' అని వచ్చేయడాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోనక్కరలేదు, అది భాషకు ఉన్న అలవాటు.

రాజ్యం ఈ విషయంలో ఇంటికన్నా ఉదారంగానే ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంటుంది; మూడో షెడ్యూలులో మంత్రులకూ చట్టసభల సభ్యులకూ ఇచ్చిన ప్రమాణపాఠం దేవుని పేరుతో ఒకటి, దేవుని పేరు లేకుండా ఒకటి అని రెండు దారులు చూపుతుంది. బ్రాడ్లా ఏళ్లకొద్దీ పోరాడి సాధించినది ఇక్కడ ఒక గీతకు అటూ ఇటూ అచ్చయి ఉంది. దైవసాక్షి వద్దనుకున్నవారి ప్రమాణాన్ని తెలుగు వార్తలు ఆత్మసాక్షిగా అని చెబుతుంటాయి. ఆత్మను ఒప్పుకోని నాస్తికుడికి అది కూడా చిక్కే గాని, దానికి ఇంకా మంచి మాట ఎవరూ పుట్టించలేదు.

2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని రాయించుకున్నవారు 121 కోట్ల జనంలో సుమారు 33 వేల మంది. అసలు మతమే చెప్పనివారు 28 లక్షలకు పైగా. ఈ అంకెలు ఎలా పుడతాయో తెలిస్తే వాటికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. ఆ ఏడు వాడిన పత్రంలో ఆరు మతాలకు ఒకటి నుంచి ఆరు వరకు సంఖ్యలు ఇచ్చారు, మరేదైనా అయితే పూర్తిపేరు రాయాలి. లెక్కలు తీసే ఉపాధ్యాయుడు ఎండన పడి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతాడు, ఇంటి యజమానిని ఒక్కొక్కరి పేరూ వయసూ అడుగుతాడు. మతం దగ్గరికి వచ్చేసరికి యజమాని ఒక్కమాట చెబుతాడు, ఉపాధ్యాయుడు ఇంట్లో ఉన్న ఏడుగురి పేర్ల ఎదుటా అదే అంకె వేసుకుంటూ పోతాడు. లోపలి గదిలో చదువుకుంటున్న అమ్మాయికి ఆ మాట వినబడుతుంది. ఆమె లేచి గడప దాకా వచ్చేసరికి ఆయన తరువాతి గడి నింపుతుంటాడు.